ఫ్రీజర్ ప్యాకెట్‌లో గ్లూటెన్ ఉందో లేదో ఎక్కడ చూడాలి?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

గ్లూటెన్ పడనివాళ్లు ఫ్రీజర్ తిళ్లు కొనేటప్పుడు ఏం చూసుకోవాలని బెంగళూరు తెలుగువాళ్ల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబుకి సీలియాక్ వ్యాధి అని రెండు నెలల కిందట తేలింది. గోధుమ పూర్తిగా మానిపించాం. బడి నుంచి రాగానే వాడికి వేడివేడిగా ఏదో ఒకటి వేయించి పెట్టాలి. బంగాళాదుంప తిళ్లలో గోధుమ ఎందుకుంటుందిలే అని మూడు ప్యాకెట్లు తెచ్చాను. వెనక ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. మామూలు ఫ్రెంచ్ ఫ్రైస్: బంగాళాదుంప, పామోలిన్ నూనె, డెక్స్‌ట్రోజ్, ఐఎన్‌ఎస్ 450. 'ఎక్స్‌ట్రా క్రిస్పీ' ఫ్రైస్: బంగాళాదుంప, పామోలిన్ నూనె, బియ్యప్పిండి, మాడిఫైడ్ స్టార్చ్, వీట్ ఫ్లోర్, ఉప్పు, ఐఎన్‌ఎస్ 500, మసాలాలు; కింద 'కంటైన్స్ వీట్'. ఆలూ టిక్కీ: బంగాళాదుంప, పచ్చి బఠాణీ, పొటాటో ఫ్లేక్స్, స్టార్చ్, ఉప్పు, మసాలాలు, కింద 'మే కంటైన్ వీట్, మిల్క్, సోయా'. వీటిలో ఏది పెట్టొచ్చు?
— ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: రెండోది వద్దు. మూడోదీ వద్దు. మొదటిది పెట్టాలో వద్దో కంపెనీని ఒక మాట అడిగాక తేలుతుంది.

బంగాళాదుంపలో గ్లూటెన్ లేదు. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీను; సీలియాక్ ఉన్నవాళ్లకు చిన్నపేగును పాడుచేసేది అదే. చిక్కంతా దుంప చుట్టూ చేరేవాటితోనే. మామూలు ఫ్రైస్ మూకుడులోంచి తీసిన కాసేపటికే మెత్తబడతాయి. కరకర ఎక్కువసేపు నిలవాలని 'క్రిస్పీ' రకాలను పలచటి పిండి జారులో ముంచి తీస్తారు. ఆ పూత బజ్జీ పిండిలా కంటికి కనపడదు, దుంప ముక్క రంగులోనే కలిసిపోతుంది. అందులో బియ్యప్పిండి, స్టార్చ్‌తో పాటు చాలాసార్లు మైదా కూడా ఉంటుంది. మీ రెండో ప్యాకెట్‌లో ఉన్నది అదే.

పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. గోధుమ అయిదో చోట ఉంది కదా, ఎంతుంటుందిలే అనిపించడం సహజం. లెక్క వేసి చూడండి. ఆ మైదా మొత్తం బరువులో 1 శాతమే అనుకుందాం. కిలో ఫ్రైస్‌కి 10 గ్రాములు. మైదాలో గ్లూటెన్ తక్కువలో తక్కువ 8 శాతం వేసుకున్నా 800 మిల్లీగ్రాములు అవుతుంది. మన దేశంలో 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే ఆ ఒక్క శాతమే హద్దుకు 40 రెట్లు.

ఆ 20 ఎక్కడి నుంచి వచ్చిందని మీకు అనిపించవచ్చు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దే మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లోనూ ఉంది. సీలియాక్ ఉన్నవాళ్లు రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తింటే చిన్నపేగు గోడ దెబ్బతింటుందని పరిశోధనలో తేలింది. రోజుకు 10 లోపు ఉంటే ఎక్కువమందికి హాని కనపడలేదు. హద్దు అంచున ఉన్న ప్యాకెట్ నుంచి 100 గ్రాములు తిన్నా లోపలికి వెళ్లేది 2 మిల్లీగ్రాములే. అందుకే ఆ హద్దును నమ్ముతాం. ఒక గ్రాము బ్రెడ్ పొడిలోనే ఆ 2 మిల్లీగ్రాములకు ముప్ఫయి, నలభై రెట్లు ఉంటుంది. కడుపునొప్పి రాలేదు కాబట్టి పడిందని మాత్రం అనుకోకండి. బయటికి ఏమీ తెలియకుండానే లోపల పేగు పాడవుతూ ఉండవచ్చు.

ఇక టిక్కీ. పదార్థాల్లో గోధుమ లేదు, కింద మాత్రం 'మే కంటైన్ వీట్' అని ఉంది. అదే యంత్రం మీద పొద్దున బ్రెడ్ పొడి అద్దిన కట్లెట్లు, మధ్యాహ్నం ఈ టిక్కీలు నడుస్తుండవచ్చన్నమాట. బ్రెడ్ పొడి గాలిలో లేస్తుంది, బెల్టు సందుల్లో చిక్కుకుంటుంది, నీళ్లు కొట్టి కడిగినా మూలల్లో మిగులుతుంది. ఆ మాట లాంఛనంగా రాసిందని కొట్టిపారేయకండి. సీలియాక్ ఉన్న పిల్లాడికి అలాంటి ప్యాకెట్ పెట్టవద్దనే చెబుతాం. ఇంకో సంగతి. 'మే కంటైన్' అని లేనంత మాత్రాన ఆ ఫ్యాక్టరీలో గోధుమ లేదని కాదు.

మొదటి ప్యాకెట్‌లో పదార్థాలన్నీ శుభ్రంగానే ఉన్నాయి. డెక్స్‌ట్రోజ్ ఒక చక్కెర, ఫ్రైస్‌కి అన్నివైపులా ఒకే బంగారు రంగు రావడానికి వేస్తారు. ఐఎన్‌ఎస్ అంటే తిండిలో కలిపేవాటికి ఇచ్చిన అంతర్జాతీయ సంఖ్య; 450 అనేది ఫాస్ఫేట్ లవణం, దుంప నల్లబడకుండా ఆపుతుంది. రెండింటిలోనూ గ్లూటెన్ లేదు. అడగవలసింది నూనె గురించి. ఫ్రీజర్ ఫ్రైస్ పచ్చివి కావు. ఫ్యాక్టరీలోనే ఒకసారి సగం వేయించి, ఆ తర్వాత గడ్డకట్టిస్తారు. మైదా పూసిన రకాలను వేయించిన నూనెలోనే వీటినీ వేయిస్తే పదార్థాల పట్టీలో ఎక్కడా కనపడకుండా గ్లూటెన్ వచ్చి చేరుతుంది.

ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ మెయిల్ ఉంటుంది. 'ఇందులో గ్లూటెన్ ఉందా?' అని మాత్రమే రాస్తే 'పదార్థాల్లో గోధుమ లేదు' అని తిరుగు జవాబు వస్తుంది. అది మీకు ముందే తెలుసు. ఇలా అడగండి: "ఈ రకం, ఈ బ్యాచ్ నంబరు ప్యాకెట్ తయారయ్యే యూనిట్‌లో గోధుమ పూత వేసిన రకాలు కూడా తయారవుతాయా? సగం వేయించే నూనె వాటికీ వీటికీ ఒకటేనా? స్టార్చ్ దేనితో చేసింది? తయారైన సరుకును గ్లూటెన్ కోసం ప్రతి బ్యాచ్‌కూ పరీక్షిస్తారా, ఏడాదికోసారా? ఫలితం కిలోకి ఎన్ని మిల్లీగ్రాములు?" అయిదింటికీ సూటిగా జవాబిచ్చిన కంపెనీ సరుకు కొనండి. దాటవేస్తే ఆ ప్యాకెట్ వదిలేయండి.

కొట్లో ఫ్రీజర్ తలుపు తెరిచి నిలబడ్డప్పుడు చూసే వరస ఇది. ముందు సరుకు పేరు పక్కన 'గ్లూటెన్ ఫ్రీ' అన్న మాట వెతకండి. నిబంధన ప్రకారం అది పేరుకు దగ్గరలోనే ఉండాలి. అది ఉన్నా సరే, తిప్పి 'కంటైన్స్', 'మే కంటైన్' గీతలు చదవండి. 2020 లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ, బార్లీ, రై, ఓట్స్ లాంటివి ఉంటే పదార్థాల పట్టీ కాకుండా విడిగా అక్కడ చెప్పాలి. ఆ తర్వాత పదార్థాలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవండి. వీట్, ఆటా, మైదా, సూజీ, సెమోలినా, బ్రెడ్ క్రంబ్స్, రస్క్, బార్లీ, మాల్ట్, రై, సోయా సాస్ ఇవి కనపడితే ప్యాకెట్ మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేయండి. చాలామంది మాల్టోడెక్స్‌ట్రిన్ చూసి మాల్ట్ అనుకుని భయపడతారు. పేర్లు కలిశాయి కానీ ఇవి వేరు. మాల్ట్ అంటే సాధారణంగా మొలకెత్తించిన బార్లీ. మాల్టోడెక్స్‌ట్రిన్ స్టార్చ్ నుంచి చేసేది, మామూలుగా మొక్కజొన్నది.

ఈ పనంతా కొన్న ప్రతిసారీ చేయాలి. పోయిన నెల బాగున్న ప్యాకెట్ ఈ నెలా బాగుంటుందని లేదు. ఒకే పేరుతో ఉన్న సరుకు రెండు మూడు ఊళ్లలో తయారవుతుంది, తయారీ తీరు మారుతుంది, కవరు బొమ్మ మాత్రం మారదు. 'యూనిట్ కోసం బ్యాచ్ నంబరు మొదటి అక్షరం చూడండి' అని ఉంటే ఆ అక్షరం కూడా ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంటికి తెప్పించుకునే యాప్‌లో కనపడే బొమ్మ పాత కవరుది కావచ్చు. సంచీలోంచి తీసిన ప్యాకెట్ మీద ఉన్నదే లెక్క.

అన్నట్టు, ఏ పూతా మసాలా లేని ఫ్రీజర్ బఠాణీ, స్వీట్ కార్న్, పనీర్ ముక్కలు మీకు చాలా అక్కరకొస్తాయి. ఉడికించిన దుంప, బఠాణీ కలిపి, బ్రెడ్ పొడికి బదులు బియ్యప్పిండిలోనో దంచిన అటుకుల్లోనో దొర్లించి ఇంట్లోనే టిక్కీలు చేసి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి డబ్బాలో వేసుకోండి. అటుకుల ప్యాకెట్ వెనక కూడా చదివి మరీ తెచ్చుకోండి.

ప్రశ్న: 'నో మైదా', 'మల్టీగ్రెయిన్', 'మిల్లెట్' అని ఉన్న సమోసాలు, మోమోలు గ్లూటెన్ పడనివాళ్లు తినొచ్చా?
— ఒక పాఠకుడు, రామమూర్తినగర్

జవాబు: ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా గ్లూటెన్ గురించి చెప్పదు. 'నో మైదా' అంటే సాధారణంగా గోధుమపిండి వాడారని. మైదాలో ఉన్న గ్లూటెనే గోధుమపిండిలోనూ ఉంది. 'మల్టీగ్రెయిన్'లో మొదటి గింజ చాలాసార్లు గోధుమే. రాగి, జొన్న, సజ్జల్లో గ్లూటెన్ లేదు, కానీ గ్లూటెన్ లేని పిండి సాగదు. పలచగా ఒత్తి మడిచే సమోసాకీ మోమోకీ సాగే గుణం కావాలి కాబట్టి రాగిలో గోధుమ కలుపుతారు. 'రాగి 20 శాతం' అని గొప్పగా రాసిన చోట మిగతా 80 శాతం ఏమిటో చదవండి. 'వీట్ ఫ్రీ' కూడా చాలదు, బార్లీ మాల్ట్ ఉండవచ్చు. మంచూరియా, స్ప్రింగ్ రోల్ లాంటి చైనా రకాల్లో పైపొర మైదాది కాకపోయినా లోపలి సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. మాంసం బదులు తినే 'ప్లాంట్ బేస్డ్' నగ్గెట్లలో 'వీట్ ప్రొటీన్' అని కనపడితే అది అచ్చంగా గ్లూటెనే.

'లో గ్లూటెన్' అన్న మాట కూడా ఉంది. కిలోకి 20 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఉన్నవాటికి అది వాడతారు. సీలియాక్ ఉన్నవాళ్లకు కాదు.

ప్రశ్న: ఫ్రీజర్ ఇడ్లీ, మినప గారెలు, శనగపిండి పకోడీల్లో గోధుమకు చోటెక్కడ? ఇవి లేబుల్ చదవకుండా కొనొచ్చా?
— ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: ఇడ్లీలో మామూలుగా బియ్యం, మినప్పప్పు, ఉప్పే. రవ్వ ఇడ్లీ అయితే మాత్రం బొంబాయి రవ్వ, అంటే గోధుమే. పకోడీ పిండిలో కరకర కోసమో, శనగపిండి ఖరీదు తగ్గించడానికో మైదా కలిపేవాళ్లున్నారు. గారెల్లో గోధుమ వచ్చే దారి మీరు ఊహించనిది: ఇంగువ.

డబ్బాలో దొరికే ఇంగువ అచ్చమైన ఇంగువ కాదు. అచ్చమైనది మరీ ఘాటు కాబట్టి జిగురూ పిండీ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమది, కొన్నిటిలో బియ్యానిది. ఇంత చిటికెడుకే ఏమవుతుందని అడుగుతారు. 100 గ్రాముల గారెల్లో ఇంగువ పొడి 0.1 గ్రాము పడిందనుకోండి. అందులో సగం మైదా అయితే 0.05 గ్రాము. దానిలో 8 శాతం గ్లూటెన్ అంటే 4 మిల్లీగ్రాములు. కిలో లెక్కన 40. హద్దు 20 అని పైన చెప్పాం. చిటికెడు ఇంగువే హద్దును రెట్టింపు దాటించింది.

పట్టీలో మాత్రం 'మసాలాలు' అని ఒక్క మాటే ఉండవచ్చు, సుగంధ ద్రవ్యాలను గుంపుగా రాయడానికి నిబంధన ఒప్పుకుంటుంది. కాబట్టి ఇలాంటివాటికి 'కంటైన్స్' గీతే ఆధారం. ఇంట్లో వాడే ఇంగువ డబ్బాను కూడా ఇవాళే తిప్పి చూడండి. చారు, పులిహోర, కొన్ని ఊరగాయలు, వీటిలో పడేది అదే కదా. బియ్యప్పిండితో చేసిన ఇంగువ అడిగితే దొరుకుతుంది.

ప్రశ్న: మా వీధి కాండిమెంట్స్ కొట్లో కన్నడంలో రాసిన ప్యాకెట్లు వస్తాయి. నిప్పట్టు మన చెక్కల్లాంటిదే, కోడుబళె కూడా బియ్యప్పిండిదే అంటారు. నమ్మొచ్చా?
— ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: మన చెక్కలు బియ్యప్పిండితోనే అవుతాయి. నిప్పట్టులో బియ్యప్పిండితో పాటు మైదా, రవ్వ కలిపే పద్ధతి ఇక్కడ చాలా ఇళ్లలో, కొట్లలో ఉంది. కోడుబళెలోనూ అంతే, విరగకుండా చుట్టలు తిరగాలని మైదాగానీ చిరోటి రవ్వగానీ వేస్తారు. కన్నడం చదవలేకపోతే ఈ మాటలు గుర్తుపెట్టుకుని కొట్టతన్ని చదివి చెప్పమనండి: గోధి, గోధి హిట్టు, మైదా, రవె, చిరోటి రవె. 'అక్కి' అంటే బియ్యం. అక్కి శ్యావిగె బియ్యం సేమ్యా, ఉత్త శ్యావిగె అంటే ఎక్కువగా గోధుమది. తమిళంలో గోధుమను 'కోదుమై', హిందీలో బార్లీని 'జౌ' అంటారు. లేబులే లేని తిండి అయితే అడగాల్సిన పనే లేదు, కొనవద్దు. అమ్మే ఆయన మంచివాడే అయినా, అదే మూకుడులో పొద్దున ఏం వేగిందో ఆయనకీ గుర్తుండదు.

ప్రశ్న: టించర్ అయోడిన్ చుక్క వేస్తే గ్లూటెన్ ఉన్నదీ లేనిదీ తెలుస్తుందని వీడియోలో చూశాను. నిజమేనా? ఇంట్లో పరీక్షించే కిట్లు పనిచేస్తాయా?
— ఒక విద్యార్థి, యశవంతపుర

జవాబు: అయోడిన్ చుక్కకి నీలం రంగు వచ్చేది స్టార్చ్ వల్ల. గ్లూటెన్ ప్రొటీను, దానికీ అయోడిన్‌కీ సంబంధం లేదు. బంగాళాదుంప మీదా, అన్నం మీదా, సగ్గుబియ్యం మీదా అయోడిన్ వేయండి, నల్లగా అయిపోతాయి. వాటిలో గ్లూటెన్ లేదు. ఈ వీడియో చూసి ఎవరూ ఏదీ నిర్ణయించుకోవద్దు.

కిట్లు వేరు. గర్భపరీక్ష పట్టీలాగే ఉంటాయి, గ్లూటెన్ ముక్కను పట్టుకునే యాంటీబాడీ వాటిలో ఉంటుంది. తిండిని మెత్తగా నూరి, ఇచ్చిన ద్రావణంలో కలిపి, పట్టీ ముంచితే గీతలు వస్తాయి. పనిచేస్తాయి, కానీ మూడు చోట్ల మోసపోతాం. మీరు నూరిన ముక్కలో లేకపోవచ్చు, పక్క నగ్గెట్ మీద బ్రెడ్ పొడి అంటి ఉండవచ్చు, అందుకే ప్యాకెట్‌లో నాలుగైదు చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపి నూరాలి. సోయా సాస్, మాల్ట్ లాంటివాటిలో గ్లూటెన్ చిన్న తునకలైపోయి ఉంటుంది, మామూలు కిట్ వాటిని పట్టుకోలేక లేదని చూపిస్తుంది. గ్లూటెన్ మరీ ఎక్కువైనా కొన్ని కిట్లలో గీత రాదు. కాబట్టి అనుమానం వచ్చిన ప్యాకెట్‌ను తిప్పికొట్టడానికి కిట్ వాడండి. 'మే కంటైన్ వీట్' ఉన్నదాన్ని తినడానికి అనుమతి పత్రంలా వాడవద్దు.

ప్రశ్న: నలుగురం కలిసి ఫ్లాట్‌లో ఉంటాం. నాకొక్కడికే సీలియాక్. గ్లూటెన్ ఫ్రీ ఫ్రైస్ తెచ్చుకుని అందరి ఎయిర్ ఫ్రైయర్‌లోనే వేయించుకుంటున్నాను. అంత వేడికి గ్లూటెన్ పోతుంది కదా?
— ఒక ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

జవాబు: పోదు. ఓవెన్‌లో 200 డిగ్రీల్లో కాల్చిన రొట్టెలో గ్లూటెన్ ఎంత ఉందో పచ్చి పిండిలోనూ అంతే. వేడితో పోయేవి సూక్ష్మజీవులు. శానిటైజర్‌తో తుడిచినా పోదు. సబ్బు, నీళ్లు, రుద్దడం, ఇవే దారి.

ఎయిర్ ఫ్రైయర్‌లో ఫ్యాను వేడిగాలిని గిరగిరా తిప్పుతుంది. నిన్న మీ స్నేహితుడు వేయించిన నగ్గెట్ల పొడి బుట్ట చిల్లుల్లోనూ, పైన కాయిల్ చుట్టూనూ ఉండి ఇవాళ మీ ఫ్రైస్ మీద పడుతుంది. బుట్ట కడిగినా కాయిల్ కడగలేరు. మీకంటూ చిన్నది విడిగా కొనుక్కోవడం మేలు. అది కుదిరేదాకా ఓవెన్ ఉంటే ట్రే మీద కొత్త ఫాయిల్ పరిచి, ఫ్యాను ఆపి, పై అరలో పెట్టుకోండి. పెనం మీద అయితే మీదైన స్టీలు పెనంలో కొత్త నూనెతో చేసుకోండి. గీతలు పడిన నాన్‌స్టిక్, కర్ర గరిటె, జల్లెడ ఈ మూడూ పంచుకోకండి, ఎంత రుద్దినా సందుల్లో పిండి మిగులుతుంది.

నూనె సంగతి మరీ ముఖ్యం. పూరీలు వేయించిన నూనె వడకట్టి దాచి మళ్లీ వాడటం మన ఇళ్లలో మామూలే. వడకట్టు గుడ్డలోంచి సన్నపిండి దాటిపోతుంది. ఆ నూనెలో వేసిన గ్లూటెన్ ఫ్రీ ఫ్రైస్, ఇక గ్లూటెన్ ఫ్రీ కావు. హోటల్‌లో ఫ్రైస్ అడిగేటప్పుడూ ఇదే ప్రశ్న వేయండి: 'ఇదే నూనెలో సమోసాలూ నగ్గెట్లూ వేయిస్తారా?'

ఫ్రిజ్‌లో పై అర మీది చేసుకోండి. విప్పిన పరోటా ప్యాకెట్ నుంచి పొడి పిండి రాలుతుంది, అది కింద ఉన్నవాటి మీద పడుతుంది కానీ పైకి లేవదు. మీ ప్యాకెట్ విప్పగానే మూత డబ్బాలోకి మార్చండి.

ప్రశ్న: పెద్ద సూపర్ మార్కెట్లలో విదేశీ ఫ్రీజర్ తిళ్లు దొరుకుతున్నాయి. వాటి లేబుళ్లు ఇంకా నమ్మదగినవా?
— ఒక పాఠకురాలు, ఇందిరానగర్

జవాబు: 'గ్లూటెన్ ఫ్రీ' హద్దు అమెరికాలో, యూరప్‌లో కూడా 20 మిల్లీగ్రాములే. తేడా మిగతా రాతలో ఉంది. అమెరికా ప్యాకెట్ మీద పదార్థాల్లోగానీ 'కంటైన్స్' గీతలోగానీ గోధుమ చెప్పి తీరాలి, ఆ గీతలో బార్లీ చెప్పనక్కర్లేదు, బార్లీ వాళ్ల అలర్జీ పట్టీలో లేదు. కాబట్టి ఆ గీతతో ఆగిపోకుండా పదార్థాల్లో మాల్ట్ వెతకండి. యూరప్ ప్యాకెట్‌లో విడిగా గీత ఉండకపోవచ్చు, పదార్థాల మధ్యలోనే గోధుమ, బార్లీ మాటలు ముద్దక్షరాల్లో ఉంటాయి. మనవాళ్ల దిగుమతి స్టిక్కర్ ఒక్కోసారి ఆ అక్షరాల మీదే అంటించి ఉంటుంది, అలాంటప్పుడు ఇంకో ప్యాకెట్ తిప్పి చూడండి.

వెన్ను మీద అడ్డగీత ఉన్న గోధుమ కంకి గుర్తు యూరప్ సీలియాక్ సంఘాలది. లైసెన్సు ఇచ్చి, తనిఖీ చేసి, కింద ఒక సంకేత సంఖ్య ఇస్తారు. సంఖ్య లేని కంకి బొమ్మ ఎవరైనా గీసుకోవచ్చు.

మీకున్నది సీలియాక్ కాక గోధుమ అలర్జీ అయితే ఇంకొక జాగ్రత్త. గ్లూటెన్ కడిగేసిన గోధుమ స్టార్చ్ వాడి 20 లోపు ఉంచి 'గ్లూటెన్ ఫ్రీ' అని అమ్మడం యూరప్‌లో చెల్లుతుంది. అది సీలియాక్ వాళ్లకు సరిపోతుంది, గోధుమ అలర్జీ ఉన్నవాళ్లకు కాదు. పదార్థాల్లో 'వీట్ స్టార్చ్' కనపడితే వదిలేయండి.

ప్రశ్న: గోధుమ తింటే కడుపు ఉబ్బరంగా ఉంటోంది. ముందు నెల రోజులు గ్లూటెన్ మానేసి, తగ్గితే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను.
— ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

జవాబు: దయచేసి వరస మార్చండి. ముందు డాక్టరు, తర్వాత మానడం. సీలియాక్‌ను టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్షతో, అవసరమైతే ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీసి చూసి నిర్ధారిస్తారు. గ్లూటెన్ తింటున్నప్పుడే అవి సరిగ్గా చూపిస్తాయి. ముందే మానేస్తే పేగు కుదుటపడి, జబ్బు ఉన్నా లేనట్టు ఫలితం వస్తుంది. అప్పుడు పరీక్ష కోసం మళ్లీ వారాల తరబడి గోధుమ తినాల్సి వస్తుంది, అది ఇంకా కష్టం.

ప్రశ్న: పేరు పక్కన 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉన్న కట్లెట్ ప్యాకెట్ తెచ్చాం. ఇంటికొచ్చి చూస్తే పదార్థాల్లో 'బ్రెడ్ క్రంబ్స్' ఉంది, ఏ పిండిదో రాయలేదు. ఏం చేయాలి?
— దంపతులు, బెళ్లందూరు

జవాబు: బియ్యప్పిండి బ్రెడ్‌తో చేసిన పొడి కూడా ఉంటుంది కాబట్టి వెంటనే అబద్ధమని అనలేం. తేలేదాకా మాత్రం తినకండి, పిల్లలకు అందకుండా ఫ్రీజర్‌లోనే పక్కన పెట్టండి. ప్యాకెట్ ముందూ వెనకా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు స్పష్టంగా ఫొటోలు తీయండి, బిల్లు దాచండి. కంపెనీకి మెయిల్ రాయండి: బ్రెడ్ పొడి దేనితో చేసింది, ఈ బ్యాచ్ గ్లూటెన్ ఫలితం ఎంత? సరైన జవాబు రాకపోతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫిర్యాదుల వేదిక 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్'లో ఆ ఫొటోలతో ఫిర్యాదు పెట్టండి.

విప్పిన ప్యాకెట్‌ను పరీక్షకు పంపితే మీ వంటింట్లోనే గోధుమ కలిసిందని కంపెనీ అనగలదు. అందుకే అదే బ్యాచ్‌ది విప్పనిది ఇంకొకటి కావాలి. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు కూడా రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. దానికి ఒక షరతు ఉంది, పరీక్షకు పంపబోతున్నానని కొనేటప్పుడే కొట్లో చెప్పాలి. సరుకు నిబంధనకు విరుద్ధంగా ఉందని తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. ప్రైవేటు ల్యాబ్‌కి ఇస్తే గ్లూటెన్ పరీక్షకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్నదాన్నే ఎంచుకుని, గ్లూటెన్‌ను కొలిచే 'ఆర్5 ఎలైజా' పద్ధతిలో కిలోకి మిల్లీగ్రాముల్లో ఫలితం ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. 'ఉంది', 'లేదు' అని మాత్రమే రాసిన కాగితం తీసుకోకండి, అంకె లేకపోతే 20తో పోల్చలేం. ప్యాకెట్ కరగకుండా ఐస్ పెట్టిన థర్మాకోల్ డబ్బాలో, సీలు విప్పకుండా పంపండి.